ప్రశ్నలు అడగడం నేర్పాను, జవాబు రాయడం నేర్పలేదు

సుద్దముక్క
పల్లెటూరి హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్తాను. పన్నెండేళ్లయింది. అందులో ఆరేళ్లుగా నోట్సు చెప్పి రాయించడం మానేశాను. పీరియడ్ మొదట్లో బోర్డు మీద ఒక ప్రశ్న రాస్తాను, దాని మీద పిల్లలే వాదించుకుంటారు. "మన ఊరి చెరువు మ్యాపులో ఎందుకు లేదు?" అన్న ఒక్క ప్రశ్న మీద ఒకసారి మూడు పీరియడ్లు నడిచాయి. దీన్ని క్రిటికల్ పెడగాజీ (ఉన్నదాన్ని ప్రశ్నించడం నేర్పే బోధన) అంటారని నాకు తర్వాత తెలిసింది. చేసేదానికి పెద్ద పేరే దొరికిందని మురిసిపోయాను కూడా.

పోయిన వారం పాత విద్యార్థి ఒకడు బడికి వచ్చాడు. మా క్లాసులో అందరికంటే నోరున్నవాడు. ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. రెండు పేపర్లు పోయాయి. వరండాలో స్తంభానికి ఆనుకుని చాలాసేపు ఏవేవో మాట్లాడి, వెళ్లబోతూ అన్నాడు: "సార్, మీరు అడగడం నేర్పారు. అక్కడ రాయమంటున్నారు. నాకు రాయడం రాదు." కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

జవాబు పత్రం ఫోటో చూపించాడు. "భూసంస్కరణల ఫలితాలను సమీక్షించండి", పది మార్కులు. వీడు పేజీన్నర నిండా ప్రశ్నలు రాశాడు. భూమిని ఎవరు కొలిచారు? కౌలుదారుడి పేరు కాగితంలో ఎందుకు లేదు? ఫలితం అంటే ఎవరికి ఫలితం? ఒక్కొక్కటీ మంచి ప్రశ్న. నా క్లాసులో అడిగుంటే భుజం తట్టేవాణ్ని. పేపరు దిద్దినాయన ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి పదికి రెండు వేశాడు. "సమీక్షించండి" అంటే ఏం చేయాలో వాడికి తెలీదు. నేనెప్పుడూ చెప్పలేదు.

పై చదువులకి వెళ్లే పల్లె పిల్లలకి ఈ పద్ధతి పనికొస్తోందా, లేక నా ముచ్చట వాళ్ల నెత్తిన రుద్దానా? ఓదార్పు మాటలు వద్దు.

చివరి_బెంచీ
రెండు వేశాడా? ధర్మాత్ముడు. నేనైతే ప్రశ్నపత్రంలో ఉన్న ప్రశ్నే మళ్లీ రాసి వచ్చేవాణ్ని, దానికి అర మార్కు కూడా వేసేవాళ్లు కాదు.

లెక్కలపంతులు
ఓదార్పు వద్దన్నారు కాబట్టి సూటిగా చెప్తున్నా. తప్పు మీదే సార్. కొత్తగా నేర్చుకునేవాడికి ముందు చేసి చూపించాలి. 1985లో స్వెల్లర్, కూపర్ అనే ఇద్దరు బీజగణితంలో పరీక్షించి చూశారు. చేసి ఉన్న లెక్కల్ని గమనిస్తూ నేర్చుకున్న పిల్లలు, మొదట్నుంచీ సొంతంగా కుస్తీ పట్టిన పిల్లల కంటే తర్వాతి లెక్కలు త్వరగా, తక్కువ తప్పులతో చేశారు. బుర్రలో ఒకేసారి పట్టేది కొంతే. దారి వెతుక్కోవడానికే అదంతా ఖర్చయిపోతే నేర్చుకోవడానికి ఏం మిగులుతుంది? ఇంట్లో చదువుకున్నవాళ్లుంటే ఆ దారి ఎవరో ఒకరు చూపిస్తారు. పల్లె పిల్లాడికి మీరు తప్ప దిక్కు లేదు. మీరూ "నువ్వే ఆలోచించు" అంటే వాడెక్కడికి పోవాలి?

ప్రశ్నార్థకం
అంటే మళ్లీ బట్టీకే పొమ్మంటారా పంతులు గారూ? క్రిటికల్ పెడగాజీ అంటే టీచరు చేతులు కట్టుకుని కూర్చోవడం అని ఎవరు చెప్పారు?

ఈ పద్ధతికి ఆద్యుడనిపించుకున్న విద్యావేత్త పాలో ఫ్రెయిరే 1963లో బ్రెజిల్లో ఆంజికోస్ అనే చోట చేసిన పని చూడండి. దాదాపు 300 మంది పనివాళ్లు, 40 గంటల క్లాసులు. ముందు ఒక బొమ్మ చూపించి, వాళ్ల బతుకు గురించి వాళ్ల చేతే మాట్లాడించేవారు. ఆ తర్వాత వాళ్ల నోట్లో నలిగే మాట ఒకటి తీసుకునేవారు. ఇటుకని వాళ్ల భాషలో తిజోలు అంటారు. దాన్ని తి, జో, లు అని విడగొట్టి, ఒక్కో ముక్కకీ వరస కట్టేవారు: త, తె, తి, తొ, తు. చూశారా, ఇది మన గుణింతమే! తర్వాత ఆ ముక్కల్ని అటూ ఇటూ కలిపి కొత్త మాటలు తయారుచేయమనేవారు. ఎంత క్రమంగా, ఎంత పద్ధతిగా ఉందో చూడండి. చర్చ ఉంది, గుణింతమూ ఉంది.

లెక్కలపంతులు
అదే కదా నేనంటోంది. సుద్దముక్క గారి క్లాసులో చర్చ ఉంది, గుణింతం లేదు.

సుద్దముక్క
తగిలింది.

గైడ్_కావాలి
పదో తరగతి సోషల్ గైడు పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి ప్లీజ్

చివరి_బెంచీ
చర్చంతా చదివే అడిగావా తమ్ముడూ?

గోడగడియారం
ముప్పై నాలుగేళ్ల సర్వీసు, చివరి పదకొండు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. నేనో మాట చెప్పాలి.

మీరంతా ఆ కుర్రాడు తప్పడానికి చర్చా పద్ధతే కారణమని తేల్చేశారు. బట్టీ పట్టి స్కూల్ ఫస్టొచ్చినవాళ్లు పైకెళ్లి తప్పడం ఎవరూ లెక్కపెట్టరేం? నా దగ్గర ఒకమ్మాయి పుస్తకం కామాలతో సహా అప్పజెప్పేది. మేం ఊరంతా చెప్పుకున్నాం. కాలేజీలో మొదటి అసైన్‌మెంట్‌కి మూడు పుస్తకాల పేర్లిచ్చి, రచయితలు ఎక్కడ విభేదించారో రాయమన్నారట. ఆ పిల్ల మూడు పుస్తకాల్లోంచీ తలో రెండు పేజీలు దింపింది. "ఒకే సంగతి మీద ఇద్దరు పెద్దవాళ్లు వేర్వేరుగా ఎలా రాస్తారు సార్, ఒకటి తప్పయి ఉండాలి కదా" అని నన్నే అడిగింది. ఏడాది తిరక్కుండా చదువు మానేసింది. ఆమె వచ్చి నన్ను నిలదీయలేదు, ఎందుకంటే నిలదీయడం మేం నేర్పలేదు. సుద్దముక్క గారి శిష్యుడు కనీసం వచ్చి అడిగాడు.

బట్టీతో తప్పితే "పిల్ల మొద్దు" అంటాం. చర్చతో తప్పితే "పద్ధతి చెడ్డది" అంటాం. ఈ లెక్క నాకు నచ్చదు.

మొదటితరం
గోడగడియారం గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఆ అమ్మాయి నేను కాదు గానీ, నేనే అయ్యుండొచ్చు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. మొదటి సంవత్సరంలో నన్ను బాధపెట్టింది సిలబస్ కాదు. మా లెక్చరర్ గది తలుపు మీద "విద్యార్థులు 3 నుంచి 4 మధ్య కలవవచ్చు" అని చీటీ ఉండేది. తప్పు చేసినవాళ్లని పిలిచి తిట్టే టైము అనుకున్నాను. నిజంగా! బడిలో స్టాఫ్ రూముకి పిలిచారంటే దేనికో మనందరికీ తెలుసు కదా. ఏడాదంతా ఆ వరండాలోంచి తల దించుకుని పోయేదాన్ని. టౌన్ పిల్లలు మాత్రం ఆ గంటలో లోపలికెళ్లి, రాయబోయే వ్యాసం ముందే చూపించి, సలహాలు తీసుకుని వచ్చేవాళ్లు. వాళ్లకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. తెలుసు, అంతే.

నీలిసిరా
ఇదే కదా అసలు సంగతి. అమెరికాలో ఆంథనీ జాక్ 2019లో తెచ్చిన పుస్తకంలో ఇదే విషయం ఉంది. పేద ఇళ్ల నుంచి పెద్ద యూనివర్సిటీలకి వచ్చిన పిల్లల్లో చాలామందికి ఆ "ఆఫీస్ అవర్స్" దేనికో తెలీదు, చెప్పేవాళ్లూ లేరు. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, కానీ తెలియకపోతే మార్కులు పోతాయి.

సుద్దముక్క గారూ, నేను భాష చెప్తాను, మీలాంటి బడే. 1988లో లీసా డెల్పిట్ అనే నల్లజాతి టీచరు రాసిన వ్యాసమొకటి నన్ను బాగా కుదిపేసింది. అధికారం ఉన్నవాళ్ల ఇళ్లలో రాతకీ మాటకీ కొన్ని రూల్సుంటాయి, ఆ ఇళ్ల పిల్లలకి అవి ఉగ్గుపాలతో వస్తాయి, మిగతా పిల్లలకి ఎవరో విప్పి చెప్పాలి అంటుంది. మంచిమనసున్న టీచర్లు "పిల్లల స్వేచ్ఛకి అడ్డు రాకూడదు" అని ఆ రూల్స్ చెప్పడం మానేస్తే, తలుపు మూసినట్టే అవుతుంది. తల్లిదండ్రులు "మా పిల్లలకి అది నేర్పండి" అని అడుగుతుంటే మనం "అంతకంటే గొప్పది నేర్పుతున్నాం" అంటాం. ఆ మాటలు చదివినప్పుడు నా చెంప ఛెళ్లుమంది. నేనూ అన్నాను మరి, ఒక తల్లితో.

ప్రశ్నార్థకం
డెల్పిట్ చెప్పింది ఒప్పుకుంటాను. కానీ రూల్స్ నేర్పి ఊరుకుంటే అది కోచింగ్ సెంటరే. ఆ రూల్స్ ఎవరివి, ఎవరికి లాభం అనేది కూడా అడిగించాలి. డెల్పిట్ కూడా అదే చెప్పింది, ఆ భాగం ఎవరూ గుర్తు పెట్టుకోరు.

లెక్కలపంతులు
ముందు రూల్ రానివ్వండి సార్. రానిదాన్ని విమర్శిస్తే దాన్ని విమర్శ అనరు, చేతకానితనం అంటారు.

ప్రశ్నార్థకం
ఎప్పుడు వస్తుంది ఆ "ముందు"? పదో తరగతి దాకా రూల్స్, తర్వాత ప్రవేశ పరీక్ష, తర్వాత డిగ్రీ, తర్వాత ఉద్యోగం. ఆలోచించడం రిటైరయ్యాకా?

గోడగడియారం
రిటైరయ్యాక కూడా టైము దొరకట్లేదు నాయనా.

చివరి_బెంచీ
😂

ప్రశ్నార్థకం
ఆంజికోస్ గురించి సగమే చెప్పాను. అప్పట్లో బ్రెజిల్లో చదువు రానివాళ్లకి ఓటు లేదు. 1985 దాకా లేదు. అంటే ఆ 40 గంటల క్లాసు వెనక ఒక గేటు ఉంది. అక్షరం వస్తే గేటు తెరుచుకుంటుంది. ఫ్రెయిరే ఆ గేటుని బోర్డు మీద విమర్శించి ఊరుకోలేదు, జనాన్ని దాటించడానికి చూశాడు. అందుకే 1964లో సైన్యం అధికారం లాక్కోగానే ఆయన్ని జైల్లో పెట్టారు, తర్వాత దేశం విడిచిపోవాల్సి వచ్చింది. ఊరికే కబుర్లు చెప్పేవాణ్ని ఎవరూ జైల్లో పెట్టరు. కాబట్టి "గేటు దాటించడమా, గేటుని ప్రశ్నించడమా" అని మనం పంచుకోవడం దండగ. అక్కడ రెండూ ఒకే క్లాసులో జరిగాయి.

లెక్కలపంతులు
ఇది బాగా చెప్పారు. మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా, స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి.

వలసపక్షి
ఇంతసేపూ చదువుతున్నాను, ఒక్కరూ అడగని ప్రశ్న. "పై చదువులకి సిద్ధం చేయడం" అంటే ఊరు విడిచి వెళ్లడానికి సిద్ధం చేయడమేనా? కెనడాలో నోవా స్కోషియా తీరాన ఒక చేపలవేట ప్రాంతం మీద మైకేల్ కోర్బెట్ 2007లో పుస్తకం రాశాడు. అక్కడి బడిలో నెగ్గడం అంటే ఊరు వదలడం నేర్చుకోవడమే అని దాని సారం. మన బడులు వేరా? ఫస్టొచ్చినవాణ్ని స్టేజీ ఎక్కించి "ఈ ఊళ్లో నీకేం పని, పైకి పో" అంటాం. కింద కూర్చున్న నలభై మంది అదే మాట ఇంకోలా వింటారు: మీరు ఇక్కడే మిగిలిపోతారు. వాళ్ల చదువు గురించి ఈ చర్చలో ఒక్క పోస్టన్నా ఉందా?

మొదటితరం
వలసపక్షి గారూ, మీ బాధ అర్థమైంది గానీ "వెళ్లడం" మీద ఎవరు బరువుగా మాట్లాడినా నాకు ఒళ్లు మండుతుంది. మా బంధువులంతా ఇదే చెప్పారు నాతో, ఆడపిల్లకి ఊరే బాగుంటుందని. వెళ్లాలా వద్దా అని నిర్ణయించుకునే చోటికి ముందు నన్ను చేరనివ్వండి. మీరు ఊళ్లో ఉండే రాస్తున్నారా?

వలసపక్షి
లేదు. పట్నంలో, మూడో అంతస్తులో. పేరు చూశారుగా. ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా.

కానీ ఆ నలభై మంది గురించి ప్రశ్న వెనక్కి తీసుకోను.

నీలిసిరా
వెనక్కి తీసుకోకండి. దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇటలీలో బర్బియానా. ఫ్లోరెన్సు దగ్గర కొండల్లో చిన్న పల్లె. లొరెంజో మిలానీ అనే ఫాదరీని 1954లో అక్కడికి పంపారు. బడుల్లో తప్పించి ఇంటికి పంపేసిన రైతుబిడ్డల్ని కూర్చోబెట్టుకుని చదువు చెప్పాడు. రోజుకి పన్నెండు గంటలు, సెలవుల్లేవు (లెక్కలపంతులు గారు మురిసిపోకండి). రోజూ పేపర్ చదివేవాళ్లు. 1967లో ఎనిమిది మంది పిల్లలు కలిసి, తమని తప్పించిన టీచరుకి ఉత్తరం రాసినట్టుగా ఒక పుస్తకం తెచ్చారు. ఏ ఇళ్ల పిల్లలు ఏ క్లాసులో తప్పుతున్నారో లెక్కలు తీసి పట్టికలు వేసి మరీ చూపించారు. కోపం ఉంది, పక్కనే లెక్క కూడా ఉంది. మిలానీ ఆ ఏడాదే పోయాడు.

మనకి పనికొచ్చేది ఆ పుస్తకం రాసిన విధానం. ఒక్కొక్కరూ తోచిందల్లా చిన్న చీటీల మీద రాయాలి, చీటీకి ఒక్క ఆలోచనే. అన్నీ కుప్పపోసి, ఒకేలాంటివి ఒక చోట చేర్చాలి. ఒక్కో కుప్పా ఒక అధ్యాయం. తర్వాత వరస మార్చి, రెండుసార్లు చెప్పింది కొట్టేసి, బరువు మాటలు తీసేసి, ఒక వాక్యంలో ఒకటే సంగతి ఉండేదాకా అందరూ కూర్చుని చెక్కాలి.

నేను తొమ్మిదో తరగతిలో చేయించాను. "బడి మానేసినవాళ్లు ఎందుకు మానేశారు?" అన్నది విషయం. నేల మీద చీటీలు పరిచేసరికి ఒకడు ఫ్యాన్ వేశాడు. సగం పీరియడ్ చీటీలు ఏరుకోవడానికే సరిపోయింది. కానీ ఆ ఏరుకోవడంలో ఒక పిల్ల "మేడమ్, ఇది ఇక్కడిది కాదు, ఇది కారణం కాదు, కారణానికి ఫలితం" అంది. ఆ వాక్యం నేను నేర్పలేదు. "కారణాలు, ఫలితాలు విశ్లేషించండి" అని పరీక్షలో అడిగేది ఇదే పని. ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని చేతులతో చేసింది. తరవాత పై చదువుకి వెళ్తుందో లేదో నాకు తెలీదు. వెళ్లకపోయినా ఆ పని చేతికొచ్చింది కదా. వలసపక్షి గారి నలభై మందికీ అంతే.

చివరి_బెంచీ
ఫ్యాన్ వేసినవాడు మావాడే.

గైడ్_కావాలి
పీడీఎఫ్ దొరికిందా ఎవరికైనా

లెక్కలపంతులు
నీలిసిరా మేడమ్ పోస్టుకి నా వైపు నుంచి ఒకటి కలుపుతాను. నేను గుంపు పనికి వ్యతిరేకం అని అందరూ అనుకుంటున్నారు. కాదు.

1970ల చివర్లో బర్క్‌లీ యూనివర్సిటీలో యూరీ ట్రైస్‌మన్ ఒక సంగతి గమనించాడు. కాల్క్యులస్‌లో నల్లజాతి పిల్లలు ఎక్కువమంది తప్పుతున్నారు, చైనా మూలాల పిల్లలు నెగ్గుతున్నారు. ఆసక్తి లేదు, ఇంట్లో పట్టించుకోరు, పునాది లేదు అని అధ్యాపకులు తలా ఒకటి చెప్పారు. ఆయన చెరో 20 మంది చొప్పున తీసుకుని, వాళ్లు ఎలా చదువుతున్నారో వెంట ఉండి చూశాడు. నల్లజాతి పిల్లలు కష్టపడుతూనే ఉన్నారు, కానీ ఎవరి గదిలో వాళ్లు. రెండో గుంపు ముందు సొంతంగా చేసుకుని, తర్వాత నలుగురూ కూర్చుని ఒకరి తప్పులు ఒకరు పట్టుకునేవాళ్లు. ఏ లెక్క కష్టమో, ఎవరికీ రానిదేదో, పరీక్షలో ఏం అడగొచ్చో అక్కడే తేలిపోయేది. అప్పుడాయన వెనకబడినవాళ్లకి రెమెడియల్ క్లాసు పెట్టకుండా, మామూలు కంటే కష్టమైన లెక్కలిచ్చి గుంపుగా కూర్చోబెట్టాడు. ఫలితాలు బాగా మారాయి.

నాకు నచ్చింది "కష్టమైన లెక్కలు" అన్న ముక్క. పల్లె పిల్లలంటే జాలిపడి మనం తేలికవి ఇస్తాం. ఆ జాలి అక్కడికెళ్లాక పనిచేయదు. నా వైపు నుంచి చేస్తున్నది ఇంతే: చేసిన లెక్క ఒకటి బోర్డు మీద, తర్వాత నలుగురికి ఒక కష్టమైనది, మాట్లాడుకోవచ్చు, చివర్లో ఎవరు లేచి చెప్పాలో నేను చీటీ తీస్తాను. తెలివైనవాడే నలుగురి తరఫునా చేసి పెట్టకుండా ఆ చీటీ.

మొదటితరం
ఇది ఎవరైనా బడిలో ఉన్నప్పుడు చెప్పుంటే! హాస్టల్లో నేను తలుపేసుకుని చదివేదాన్ని. పక్కవాళ్లతో చదవడం కాపీ కొట్టడం లాంటిదని నమ్మాను. బడిలో "పక్కవాడి పుస్తకంలోకి చూడకు" అనే కదా పదేళ్లు విన్నది.

ప్రశ్నార్థకం
ఫ్రాన్సు సామాజికశాస్త్రవేత్తలు బోర్దియూ, పాసెరాన్ 1964 నుంచీ అన్నది కూడా దాదాపు ఇదే. యూనివర్సిటీ తాను నేర్పనిదానికి మార్కులు వేస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్నదాన్ని "తెలివి" అంటుంది. బోర్దియూ కూడా పల్లె నుంచి వచ్చినవాడే, తండ్రి పోస్టాఫీసు ఉద్యోగి. ఎవరికి ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకి తెలుసు.

గోడగడియారం
అందరూ టీచరు చుట్టూ, పిల్లాడి చుట్టూ తిరుగుతున్నారు. పరీక్షని ముట్టుకోరేం? హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం గుర్తుందా? 1972లో మధ్యప్రదేశ్‌లోని పల్లె మిడిల్ స్కూళ్లలో మొదలైంది. పిల్లలు ప్రయోగాలు చేసి, చూసింది రాసుకుని, తేలిందేమిటో వాదించుకునేవాళ్లు. వాళ్లు ఒక తెలివైన పని చేశారు, పరీక్ష కూడా మార్చారు. పుస్తకం తెరిచి పెట్టుకుని రాయొచ్చు, ప్రాక్టికల్ వేరే. పుస్తకం ముందుంటే బట్టీకి విలువేముంది? పల్లె బడుల్లో ఇలాంటిది కుదరదు అనేవాళ్లకి నేనెప్పుడూ దాన్నే చూపించేవాణ్ని. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆపేసినప్పుడు చాలా బాధపడ్డాను. సుద్దముక్క గారు ఆరేళ్లుగా బోధన మార్చారు, చివర్లో పేపరు మాత్రం పాతదే. పిల్లాడు మధ్యలో నలిగాడు.

సుద్దముక్క
పేపరు మార్చడం నా చేతుల్లో లేదు సార్. కానీ మీ మాట, నీలిసిరా మేడమ్ మాట, పంతులు గారి "గుణింతం" మూడూ కలిసి వారం రోజులు నన్ను పడుకోనివ్వలేదు.

నిన్న ఒక పని చేశాను. పాత పరీక్ష పేపర్లు కట్టగా పట్టుకుని పదో తరగతికి వెళ్లాను. జవాబులు వద్దు, ప్రశ్నలు చదవండి అన్నాను. ఈ పేపరు మన ఊరి చెరువు లేని ఆ మ్యాపు లాంటిదే, ఎవరో గీశారు, ఎలా గీశారో చూద్దాం అన్నాను. పేర్కొనండి, వివరించండి, చర్చించండి, సమీక్షించండి, ఈ నాలుగింటిని నాలుగు గుంపులకి పంచాను. ఒక్కో మాట మన చేత ఏ పని చేయించాలని చూస్తోంది? ఎన్ని లైన్లిచ్చారు? ఎన్ని మార్కులు?

గొడవ మొదలైంది. "వివరించండి" గుంపు, "చర్చించండి" గుంపు మా రెండూ ఒకటే అని తేల్చాయి, పుస్తకంలో పేరా దింపితే రెండింటికీ మార్కులొస్తాయి కాబట్టి. ఒకమ్మాయి లేచి, "చర్చించమని అడిగి పదిహేను గీతలే ఇచ్చారేంటి సార్? ఇందులో ఒకడే పడతాడు, రెండోవాడు ఎక్కడ మాట్లాడాలి?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు, పదిహేను గీతల్లో ఇద్దర్నీ ఎలా పట్టించాలో బోర్డు మీద రాసి చూపించాను. ఒక వైపు వాదన నాలుగు లైన్లు, ఆధారం ఒకటి. రెండో వైపు నాలుగు, ఆధారం ఒకటి. మిగిలినవాటిలో నువ్వేమంటావు, ఎందుకంటావు. రాసేటప్పుడు చెయ్యి వణికింది. ఆరేళ్ల తర్వాత నా క్లాసులో పిల్లలు బోర్డు చూసి రాసుకుంటున్నారు!

లెక్కలపంతులు
శుభం. సుద్దముక్క పేరు ఇప్పటికి సార్థకం.

ప్రశ్నార్థకం
ఆ నాలుగు-ఒకటి-నాలుగు-ఒకటి రేపు కొత్త బట్టీ అయిపోతుంది, జాగ్రత్త. రెండు నెలల తర్వాత అదే పిల్లల చేత ఆ అచ్చుని విరగ్గొట్టించండి.

నీలిసిరా
అవ్వనివ్వండి ముందు. విరగ్గొట్టడానికైనా ఒక కుండ ఉండాలిగా.

ఆ కాలేజీ అబ్బాయి సంగతేంటి?

సుద్దముక్క
ఫోన్ చేశాను. "నువ్వన్నది నిజమే, నాకు తట్టలేదు" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "అలా అనకండి సార్" అన్నాడు. అదే ప్రశ్న మళ్లీ రాసి పంపమన్నాను. ముందు నీ ప్రశ్నలన్నీ చీటీల మీద రాయి, ఏ ప్రశ్నకి జవాబు నీ పుస్తకంలో దొరుకుతుందో వెతుకు, దొరికినవి జవాబులుగా మార్చు, దొరకనివి పక్కన పెట్టు అని చెప్పాను. మొదటిసారి పంపినదాంట్లో "భూసంస్కరణలు అనగా" అని మొదలెట్టాడు, గైడు భాష. వెనక్కి పంపాను. రెండోసారి మొదటి వాక్యం ఇది: "భూసంస్కరణల ఫలితాలు కాగితం మీద ఒకలాగా, కౌలుదారుడి చేతిలో ఇంకోలాగా ఉన్నాయి." దాని కింద రెండు వైపులా వాదన, ఆధారాలు, వరసగా. చివరి పేరాలో మాత్రం "ఫలితం అంటే ఎవరికి ఫలితం?" అన్న పాత ప్రశ్న ఒక్కటి అలాగే ఉంచాడు. కొట్టేయమందామని రెండుసార్లు ఫోన్ తీసి, మళ్లీ పెట్టేశాను.

చివరి_బెంచీ
ఆ మొదటి వాక్యం వాడిదేనా, మీరు దిద్దారా? నిజం చెప్పండి.

సుద్దముక్క
వాడిదే. "ఒకలాగా" అని రెండుసార్లు రాస్తే ఒకటి కొట్టేశాను, అంతే.

గోడగడియారం
మార్కులెన్ని వేశారు మాస్టారూ?

సుద్దముక్క
ఆరున్నర. మూడున్నర దేనికి తగ్గించారో వివరించండి అని మెసేజ్ పెట్టాడు. "సమీక్షించండి" అనలేదు, "వివరించండి" అన్నాడు.